సీసపు అక్షరములు, చెక్క అక్షరములు

పోయినమాసమున ఊరగాయ జాడీలను గుఱించి వ్రాయుచు, ఇంటిలోని పాతవస్తువులలో దేనిని దాచవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్నను సగములో విడిచితిని. దానిపై సోదరీమణులు వ్రాసిన జాబులలో నొకటి మా పినతల్లి కూతురిది. ఆమె అత్తవారు మార్కాపురము ప్రాంతమువారు. "అక్కయ్యా, జాడీల మాట యటుంచుము. మా వసారాలో మామగారి అచ్చుకూటపు సామాను ఇరువది యేండ్లనుండి పడియున్నది. సీసపు అక్షరములు బస్తాల లెక్క. పాతసామానులవాడు సోమవారము కాటాతో వచ్చును. అబ్బాయి కాలేజీ ఫీజు కట్టవలసిన గడువును ఆ వారమే. అత్తయ్యగారు మాత్రము నోరు మెదపరు, అన్నము సరిగా తినరు. నీవు వచ్చి యొకమాట చెప్పిపొమ్ము" అని అందులో నుండెను.

సీసమునకును అత్తయ్యగారి అన్నమునకును సంబంధమేమో నాకు తెలియలేదు. ఎటులైనను త్రిపురాంతకేశ్వరుని దర్శించి చాల నాళ్ళయినదని తలచి శనివారము ఉదయమున బయలుదేరితిని.

త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారమని మన పెద్దలు చెప్పుదురు. కొండమీద స్వామి, క్రింద చెఱువులో బాలాత్రిపురసుందరి. 1970వ సంవత్సరమున ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు ఈ ప్రదేశము కర్నూలు జిల్లాలోనిది. అంతకుముందు, 1858కి పూర్వము, కడప జిల్లాలోనిది. దర్శనమైన పిదప పిల్లలు ప్రసాదమునకై పోగా, నేను గుడిలోని శాసనములయెదుట నిలిచితిని. కాకతీయుల కాలపు శాసనములు ఈ క్షేత్రమున పెక్కు గలవు. కాయస్థ నాయకుడగు అంబదేవుడు తన విజయములను చెక్కించిన 1290వ సంవత్సరపు శాసనము ఇక్కడిదే. చరిత్రకారులు రాజుల పేర్లకై వానిని చదువుదురు. నాకు పేర్లు చదువ రాలేదు, అక్షరములను చూచితిని. మాటకును మాటకును నడుమ ఎడము లేదు. పంక్తికి పంక్తి ముత్యాలపేరువలె సాగిపోవుచున్నది. అవి ఇప్పటి మన అక్షరములు కావు, అట్లని పరాయివియు కావు. నాడు తెలుగువారును కన్నడమువారును ఇంచుమించు ఒకే తీరున వ్రాసెడివారు. ఆ గుండ్రదనము మాత్రము మనదే. మెత్తని తాటియాకుమీద గంటము త్రిప్పుటచే మన లిపికి గుండ్రదనము వచ్చినదని చాలమంది చెప్పుదురు. ఉలికి ఆ నిర్బంధము లేదు గదా! అయినను ఉలి పట్టినవాడు గంటము పట్టినవాని త్రోవనే నడచెను.

శాసనపరిశోధకులు ఇట్టి రాళ్ళనుండి నకళ్ళు తీయు పద్ధతి ముచ్చటయైనది. రాతిని శుభ్రపఱచి, తడిపిన కాగితమును పఱచి, గట్టి కుంచెతో మెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరముల పల్లములలోనికి దిగును. అంతట సిరా పట్టించిన గుడ్డబుడిపెతో పైపైన అద్దుదురు. మిట్టయైన తావు నల్లబడును. పల్లమైన అక్షరము తెల్లగా మిగులును. అచ్చుకూటములోని అచ్చు దీనికి సరిగా తలక్రిందు. అచ్చట అక్షరము మిట్ట, చుట్టును పల్లము. కావున అక్షరమే నల్లబడును. మఱియొక భేదము: రాతినకలులో అక్షరము ఉన్నది ఉన్నట్లే వచ్చును, సీసపు అక్షరము అద్దములోని బొమ్మవలె కుడియెడమలు మాఱియుండి కాగితముపై సరియగును. త్రిపురాంతకము శాసనములు పెక్కు 1948లో వెలువడిన దక్షిణ భారత శాసనముల పదియవ సంపుటములో అచ్చుపడినవి. ఏడు వందల యేండ్లు రాతిలో నున్న మాటలను ఒకరు సీసపు ముక్కలలో మఱల పేర్చిరన్నమాట.

చెల్లెలి యింటికి చేరునప్పటికి ప్రొద్దు వ్రాలినది. కాళ్ళు కడుగుకొనగనే వసారాలోనికి తీసికొనిపోయినది. ట్రెడిల్ యంత్రమును ఏనాడో అమ్మివేసిరట. మిగిలినవి చెక్కకేసులు. ఒక్కొక్క కేసులో చిన్నచిన్న గళ్ళు, పోపులపెట్టెకు నూఱు గళ్ళుండిన నెట్లుండునో అట్లు. ఆంగ్లమునకు పెద్దయక్షరముల కేసొకటి, చిన్నయక్షరముల కేసొకటి యున్న చాలును. తెలుగునకు చాలవు. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు, సున్న, అరసున్న, ఇవిగాక అంకెలు, విరామచిహ్నములు. "స్త్రీ" అని ఒక్క యక్షరము పేర్చుటకే ఎన్ని గళ్ళలోనికి చేయి పోవలెనో చూడుడు. కంపోజిటరు గళ్ళవంక చూడడు. వంటయింటిలో మన చేయి ఆవాల గడికి పోయినట్లు వాని చేయి తనంతట తానే పోవును.

ఆ యక్షరములను చూచుచుండగా, మన తెలుగు ఈ సీసములోనికి వచ్చుటకు పడిన పాట్లు జ్ఞప్తికి వచ్చినవి. తెలుగు లిపిలో మొదటి అచ్చుపుస్తకములు మనదేశమున పుట్టలేదు. బెంజమిన్ షుల్జు అను పాదిరి 1746, 1747 సంవత్సరములలో జర్మనీదేశపు హాలె నగరమున అచ్చొత్తించెను. తరువాత వంగదేశమున శ్రీరామపురములో విలియం కేరీ తెలుగు అక్షరములు పోయించెను. 1812 మార్చి నెలలో అచ్చుకూటమునకు నిప్పంటుకొని, ఎన్నో భాషల అక్షరములతోపాటు తెలుగు అక్షరములును కరగిపోయెను. మఱల పోయించి 1814లో తెలుగు వ్యాకరణమును వెలువరించిరి. చెన్నపట్టణమున కాంబెల్ దొర వ్యాకరణము 1816లో వచ్చినది. కడపలో కొలువుచేసిన బ్రౌను దొర, వేమన పద్యములను 1829లోను, తెలుగు ఇంగ్లీషు నిఘంటువును 1852లోను అచ్చువేయించెను. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు ముద్రాక్షరశాల పెట్టిన పిమ్మట, మన పురాణములును శతకములును మనవారి చేతిమీదుగా ఇంటింటికి వచ్చినవి. పెద్దబాలశిక్ష లేని యింటిలో నేను పుట్టలేదు; మీరును పుట్టియుండరు. ఆ పుస్తకములలోని తలకట్టు పొంకము, దీర్ఘముల వంపు చూచి మన తల్లులు దస్తూరి దిద్దుకొనిరి. వ్రాతను చూచి అచ్చు పుట్టినది. పిదప అచ్చును చూచి వ్రాత మాఱినది.

వేఱొక మూల గోనెసంచిలో చెక్క అక్షరము లుండెను. ఒక్కొక్కటి అఱచేయంత. నాటకముల కరపత్రములకు, తిరునాళ్ళ గోడపత్రికలకు పెద్దయక్షరములు కావలెను. అంత పెద్దదానిని సీసముతో పోసిన బరువెక్కుట యటుండగా, ముఖము సమముగా రాదు. కావున చెక్కతో చేయుదురు. అమెరికాలో న్యూయార్కున డేరియస్ వెల్సు అను నతడు 1827లో యంత్రముతో చెక్క అక్షరములు కోయు పద్ధతి కనిపెట్టిన పిదప లోకమంతట గోడపత్రికల రూపమే మాఱినది. చెక్కదైనను సీసముదైనను ఎత్తు ఒకటిగానే యుండవలెను. ఇంగ్లీషు కొలతలో అది 0.918 అంగుళము. వెండ్రుకవాసి తగ్గినచో ఆ యక్షరము కాగితమునకు అంటదు. తగ్గినదానిక్రింద సన్నని కాగితపు ముక్క నంటించి సరిచేయుదురు.

చెక్క అక్షరముతో అచ్చొత్తిన కాగితమును దగ్గఱగా చూచినవారు చాల అరుదు. ఆ నలుపు ఒకే నలుపు కాదు. అందులో చెక్క యీనెలు సన్నని గీతలుగా తెలియును. మూలలు అఱిగినచోట వంపు వచ్చును. ఎక్కడో క్రిందపడి దెబ్బతగిలిన గుర్తు ప్రతి కాగితముమీదను అదే చోట కనబడును. సీసపు అక్షరమునకు వేఱొక సొగసు. అది కాగితమును నొక్కుటచే సిరా అంచులకు జరిగి, అక్షరముచుట్టును సన్నని చిక్కని గీత కట్టినట్లుండును. పాత పెండ్లిపత్రికను త్రిప్పి వెనుకవైపున వ్రేలితో తడవి చూడుడు. వరుని పేరు, వధువు పేరు చేతికి తగులును. ఇప్పటి ఆఫ్‌సెట్టు అచ్చులో పలక చదునుగా నుండును. నూనె సిరాకును నీటికిని పడని వైరముచేత అక్షరము నిలుచును. రంగులు మెండు, వ్రేలికి మాత్రము ఏమియు తగులదు.

ఇందులో నొక చమత్కారమున్నది. పాతకాలపు మంచి అచ్చుపనివాడు వెనుకకు మిట్ట తేలకుండ ఒత్తుటయే నేర్పనువాడు. కాగితము గ్రుచ్చుకొనునట్లు ఒత్తినవానిని తిట్టెడివాడు. అమెరికాలో 1990ల తరువాత ధనికుల శుభలేఖలకు మఱల సీసపు అచ్చు మీద మోజు పుట్టినపుడు, దళసరి కాగితముమీద లోతుగా దిగిన యచ్చునకే వారు సొమ్ము పోసిరి. నాటి తప్పు నేటి సొగసైనది. నాకు రెండింటిలో పాతపద్ధతియే యిష్టము. అక్షరము కాగితముపై కూర్చుండవలెనుగాని అందులో కూలబడరాదు.

బొమ్మల అచ్చుల సంగతియు చెప్పవలెను. ఆ సామానులో విఘ్నేశ్వరుడు, పూర్ణకుంభము, మంగళవాద్యము, అరటిచెట్ల పందిరి బ్లాకులుండెను. "ఇవి చెక్క అచ్చులా?" అని నేనడిగితిని. కావు, చెక్కపై మేకులతో బిగించిన జింకు రేకులు. నిజమైన చెక్క అచ్చును చూడవలెనన్న మచిలీపట్టణము దగ్గఱ పెడనకు పోవలెను. అచ్చట కలంకారీ బట్టలకు టేకుచెక్కలో పూవులును తీగెలును చెక్కుదురు. అంచుగీతకు ఒక అచ్చు, లోపలి రంగునకు వేఱొక అచ్చు. కరక్కాయ కషాయములో ముంచిన బట్టపై, బెల్లమునీటిలో ఇనుము నానవేసి తీసిన ద్రవముతో అద్దగా నలుపు పుట్టును. మనము కట్టుకొను చీరయంచున తీగె ఒకచో కొంచెము తప్పి జరిగినట్లున్న, అది చేతి అచ్చని గుర్తు. దుకాణమున ఆ తప్పును చూపి బేరమాడు తల్లులున్నారు. ఆ తప్పే వారు ఇచ్చు వెల యని వారెఱుగరు.

ఇక అత్తయ్యగారి సంగతి.

రాత్రి భోజనములైన పిదప ఆమె మెల్లగా వసారాలోనికి వచ్చి, దీపము వేసి, ఒక కేసుముందు కూర్చుండిరి. నేనును ప్రక్కన కూర్చుంటిని. పేర్చి కట్టిన పాత ఫారమొకటి దారముతోనే యుండెను. దాని ముఖమున నాకు ఒక్క యక్షరమును తెలియలేదు. అన్నియు ఎదురు తిరిగియున్నవి. ఆమె వ్రేలు పెట్టి, కుడినుండి కాదు, తలక్రిందుగా ఎడమనుండి, గడగడ చదివిరి. అది యేనాటిదో గ్రంథాలయ వార్షికోత్సవపు ఆహ్వానము.

"ఎంతవఱకు చదివితిరి, అత్తయ్యగారూ?" అంటిని.

"బడి మొగము చూడలేదమ్మాయీ" అనిరి.

ఆమె పుట్టినది మార్కాపురము. ఆ యూరి పలకల పేరు వినని తెలుగు పిల్లవాడు ఒకప్పుడు లేడు. దూరదేశములకును అవి పోయినవి. తండ్రి పలకరాయి గనిలో కూలి. ఈమె చిన్ననాట పలకలకు చెక్కచట్టములు బిగించు చోట పనిచేసినది. రోజునకు ఎన్ని వందల పలకలో చేతిమీదుగా పోయెడివి. ఒక్కదానిమీదను బలపము పెట్టలేదు. పెట్టిన మరకయగును, కూలి కోయుదురు.

పెండ్లియై వచ్చిన యేడాదికి భర్త ఈ చిన్న అచ్చుకూటము పెట్టెను. పెండ్లిపత్రికలు, రసీదుపుస్తకములు, నాటకముల కరపత్రములు. పగలు పేర్చి అచ్చొత్తిన అక్షరములను రాత్రి విడదీసి మఱల ఏ గడిలోనివి ఆ గడిలో వేయవలెను. లేనిచో మఱునాడు పని నిలిచిపోవును. మనిషిని పెట్టుకొను శక్తి లేదు. పిల్లలను నిద్రపుచ్చి ఆమె ఆ పనికి కూర్చుండెడిది. "పప్పు ఏఱినట్లే యనుకొంటిని. పొట్టలో చుక్కయున్నది ఈ గడి, చుక్కలేనిది ఆ గడి. ప వేఱు, వ వేఱని చాలనాళ్ళకు గాని కంటికి ఆనలేదు. ఆయన రోజునకొక దాని పేరు చెప్పెడివారు. దీని పేరు థ, దీని పేరు ధ అని. అట్లు వచ్చినవి నాకు అక్షరములు."

అనగా ఆమె మొదట నేర్చినవి తిరుగబడిన అక్షరములు. కాగితముమీది చదువు ఆమెకు రెండవ చదువు. ఇరువదియేండ్లకు పైగా ఆ పని చేసిరి. బోర్డుమీద "అండ్ సన్సు" అని యుండెనట. కుమారులిద్దఱును ఆ సీసమును ముట్టుకొన్నవారు కారు. కంప్యూటరు వచ్చిన పిదప పనులు తగ్గినవి, తరువాత మామగారు పోయిరి, తలుపులు వేసిరి.

"అమ్మవద్దని నేనెన్నడు నంటిని? పిల్లవాని చదువుకన్న నాకివి యెక్కువా?" అనిరి ఆమె. "గోతములో కలిపి పోయుదురు గదా. అన్ని గళ్ళవియు ఒక్కటిగా. అది తలచుకొన్న అన్నము దిగుటలేదు."

నా చెల్లెలు గుమ్మమువద్ద నిలిచి వినుచుండెను. ఇరువదియేండ్ల కాపురములో ఈ మాట తనకెవ్వరును చెప్పలేదని పిమ్మట నాతో ననినది. అడిగిన జ్ఞాపకమును లేదని తానే చెప్పినది.

అన్నియు దాచుమని నేను చెప్పలేదు. సీసము సీసమే, దానికి వెల యున్నది, అబ్బాయి ఫీజునకు గడువున్నది. ఆదివారమంతయు మువ్వురము కూర్చుండి మూడు కుప్పలు చేసితిమి. అఱిగి ముఖము చెడినవి, సగము గళ్ళు ఖాళీయైనవి, పాతసామానులవానికి. పెద్దసైజు తెలుగు అక్షరముల కేసొకటి నిండుగా నుండెను, దానిని ఉంచితిమి. చెక్క అక్షరములన్నియు ఉంచితిమి, వానికి తూకమున వెల యేమియు రాదు. మంగళవాద్యపు బ్లాకును చెల్లెలు తానే తీసి కొంగులో పెట్టుకొన్నది. అమ్మవలసినవానిని సయితము అత్తయ్యగారు గడివారిగా పాతగుడ్డలలో మూటలు కట్టిరి. సోమవారము వచ్చినవాడు ఆ మూటలను చూచి నవ్వి, విప్పకుండగనే తూచుకొనెను. వచ్చిన సొమ్ము ఫీజునకు సరిపోయి కొంచెము మిగిలినది.

ఇట్టి సామాను మీ యిండ్లలో నున్నచో కొన్ని జాగ్రత్తలు తెలిసికొనుడు. అచ్చు అక్షరములలో ముఖ్యలోహము సీసము. గట్టితనమునకు అంజనము, తగరము కలుపుదురు. సీసము విషము. చాలకాలము మూలపడియున్న అక్షరములపై తెల్లని పొడి పట్టును. దానిని నోటితో ఊదరాదు, పొడిచీపురుతో చిమ్మరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పాఱవేయవలెను. ముట్టినపిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు. పసిపిల్లలను, గర్భిణులను దగ్గఱకు రానీయకుడు. వంటయింటి అలమారలో పెట్టకుడు. పొయ్యిమీద కరగించి బొమ్మలు పోయుదమను ఆలోచన యెవ్వరికైన వచ్చినచో వెంటనే మాన్పింపుడు.

చెక్క అక్షరములకు నీరు తగులరాదు, ఉబ్బి వంకరపోవును. గుడ్డకు కొంచెము కిరసనాయిలు పట్టించి పాతసిరాను తుడిచి నీడను ఆఱనీయవలెను. ఎండలో పెట్టిన పగులును. నేలమీద గాక పలకమీద నుంచినచో చెదలు దూరము. పిల్లలకు అచ్చు తెలియజెప్పుటకు సీసముతో పనిలేదు. బెండకాయను అడ్డముగా కోసి రంగులో ముంచి అద్దిన పూవు వచ్చును. బంగాళాదుంప సగమునందు మీ పిల్లవాని పేరులోని మొదటి యక్షరమును చెక్కి చూపుడు. మొదటిసారి తిన్నగా చెక్కుదురు, తిరుగబడి అచ్చుపడును. రెండవసారికి తెలియును.

కంప్యూటరుమీద నాకు పగ లేదు. పోతన, వేమన, సూరన్న, మల్లన్న, గిడుగు, రామభద్ర యని మనవారి పేళ్ళతోనే యిప్పుడు తెలుగు ఫాంటులున్నవి. ఈ వ్యాసము నేను వ్రాసినదియు యంత్రముమీదనే. కాని వానిని చేయువారు పాత సీసపు అచ్చును ముందు పెట్టుకొని తలకట్టు ఎంత యెడములో నుండెనో, ఒత్తు ఎంత దిగువకు దిగెనో చూచిన మేలని నా మనవి. కొన్నిటిలో ఒత్తులు క్రింది పంక్తి నెత్తిన కూర్చుండును. చత్వారము వచ్చిన మావంటివారికి కన్నులు నొచ్చును.

నేను తిరిగివచ్చునాటి ఉదయమున చెల్లెలి కూతురు, పదియవ తరగతి చదువుచున్నది, నాయనమ్మ పేరు అచ్చువేయుదమని పట్టుపట్టినది. యంత్రము లేదు. చెక్క అక్షరములను పీటమీద వరుసగా పేర్చి, గుడ్డబుడిపెతో సిరా అద్ది, కొంచెము తడిపిన కాగితమును పఱచి గరిటె వీపుతో రుద్దితిమి. కాగితము తీయగనే నల్లగా, పెద్దగా, చెక్క యీనెలతో ఆమె పేరు వచ్చినది. పిల్ల చప్పట్లు కొట్టినది. అత్తయ్యగారు కండ్లజోడు సరిచేసికొని ఆ కాగితమును వెలుగునకు పట్టుకొని చూచి, "రెండవ దానికి తలకట్టు విఱిగినది. ఇంకొకటి ఉండవలెను, సంచిలో వెదకుము" అనిరి.